సాపేక్ష సిద్ధాంతముపైఁ బూర్వపక్షములు

శాస్త్రమున సిద్ధాంతమునకుఁ బ్రతిష్ఠ పూర్వపక్షమువలననే కలుగును. పాణిని సుమారు 4,000 సూత్రములతో అష్టాధ్యాయిని రచింపఁగా, కాత్యాయనుఁడు వానిలోఁ బెక్కింటిని వార్తికములచేఁ బరీక్షించెను. పతంజలి యా పరీక్షనే మరలఁ బరీక్షించి, కొన్నియెడల సూత్రకారుని, కొన్నియెడల వార్తికకారుని సమర్థించెను. ఈ మువ్వురిలో ఉత్తరోత్తరుఁడు బలవత్తరుఁడని వైయాకరణులు చెప్పుదురు. తరువాతివానికి లక్ష్యము, అనఁగాఁ బ్రయోగజాలము, హెచ్చుగా గోచరించినదనుటయే దానికిఁ గారణము. లక్షణమును లక్ష్యముతో సరిచూచుట శాస్త్రధర్మము. ఆ పనిచేయు నాక్షేపకుఁడు సిద్ధాంతమునకు శత్రువు గాఁడు, పరిచారకుఁడు.

నవీన భౌతికశాస్త్రమున ఐన్‌స్టయిను ప్రతిపాదించిన సాపేక్ష సిద్ధాంతమునకు వచ్చిన పూర్వపక్షము లనేకములు. వానిలో రెండింటికి భారతదేశమే రంగస్థలము. ఒకటి మదరాసు రాజధానిలోఁ జేరియుండిన కొడైకానలు వేధశాలయందుఁ బుట్టినది. రెండవది అలహాబాదు న్యాయస్థానపుఁ బ్రధాన న్యాయమూర్తి లేఖినినుండి వెలువడినది. రెండును నేఁడు నిలిచియుండలేదు. అయినను అవి యోడిన తీరు శాస్త్రచరిత్రలోఁ బఠింపఁదగినది.

ముందుగా శబ్దార్థమును నిర్ణయింపవలెను. వ్యాకరణమున సాపేక్షమనఁగా పదాంతరము నాకాంక్షించు పదము. ఈ పేరునుబట్టి "సర్వమును సాపేక్షమే, స్థిరమైనది యేదియు లేదు" అని యీ సిద్ధాంతము చెప్పుచున్నదని తలఁచుట పొరపాటు. 1905వ సంవత్సరమున వెలువడిన మొదటి భాగము దైర్ఘ్యమును, కాలమును ద్రష్టయొక్క గమనమునుబట్టి మాఱునని చెప్పినది; కాని శూన్యమందు వెలుతురు వేగము ఏ ద్రష్టకైనను ఒక్కటియే యని నియమించినది. కాఁబట్టి యిందు సాపేక్షమెంత ముఖ్యమో నిరపేక్షము నంత ముఖ్యము. 1915వ సంవత్సరమునఁ బూర్తియైన రెండవ భాగము గురుత్వాకర్షణమును దేశకాలముల వక్రతగా వివరించినది. దానినుండి మూఁడు ఫలములు పుట్టినవి. బుధగ్రహ కక్ష్యలో న్యూటను గణనకు లొంగని నూఱేండ్లకు 43 వికళల చలనము సిద్ధించుట మొదటిది. సూర్యబింబపుటంచును రాచుకొనివచ్చు నక్షత్రకాంతి 1.75 వికళలు వంగుట రెండవది. సూర్యుని వర్ణపటమందలి రేఖలు పదిలక్షలలో సుమారు 2 వంతులు ఎఱుపువైపునకు జరుగుట మూఁడవది.

1919వ సంవత్సరము మే 29వ తేది సూర్యగ్రహణమున ఆంగ్లేయ జ్యోతిష్కులు రెండవ ఫలమును పరీక్షించిరి. బ్రెజిలులోని సొబ్రాలునందు ఒక దూరదర్శిని 1.98 వికళలను, ఆఫ్రికా తీరమందలి ప్రిన్సిపీ ద్వీపమున మఱియొకటి 1.61 వికళలను జూపినవి. సొబ్రాలులోని వేఱొక దూరదర్శిని 0.93 వికళలే చూపఁగా, దాని ప్రతిబింబములు చెదరినవని దానిని బ్రమాణముగా గ్రహింపలేదు. నవంబరు 6వ తేదిని లండనులో ఫలితము ప్రకటితమైనది. నాఁటినుండి ఐన్‌స్టయిను కీర్తియు, అతనిపై నాక్షేపణలును సమముగాఁ బెరిగినవి.

తార్కికులు కథను వాదము, జల్పము, వితండయని మూఁడు విధములుగా విభజించిరి. తత్త్వనిర్ణయమునకై చేయునది వాదము. గెలుపే ఫలముగాఁ గలది జల్పము. స్వపక్షమును స్థాపింపక పరపక్షమును ఖండించుటయే వితండ. జర్మనీదేశమున లేచిన యాక్షేపణలలోఁ బెక్కు తుది రెండు తెగలలోనివి. 1920వ సంవత్సరము ఆగస్టు 24వ తేదిని బెర్లినులోని సంగీతశాలయందుఁ బహిరంగసభ జరిపి సాపేక్ష సిద్ధాంతమును దూషించిరి. 1931వ సంవత్సరమున నూఱుగురు గ్రంథకర్తలు ఐన్‌స్టయినునకుఁ బ్రతికూలురని పేరు పెట్టి యొక గ్రంథమును బ్రకటించిరి. నోబెలు బహుమాన గ్రహీతయైన లెనార్డు సిద్ధాంతకర్త యూదుఁడగుటయే దోషమనునంతవఱకుఁ బోయెను. సభికుల సంఖ్యచేఁ గాని, కర్త జాతిచేఁ గాని లక్ష్యవిరోధము సిద్ధింపదు. ఆ పుస్తకమందలి నూఱు పేరులకంటె విరుద్ధమైన కొలత యొక్కటి బలవత్తరము.

అట్టి కొలత కొడైకానలునందుఁ గనఁబడినట్లు కొంతకాలము తోఁచెను. వర్ణపటముచే సూర్యుని శోధించు విద్యకుఁ దెలుఁగునాఁడు తొలినుండి పరిచితమే. 1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేది సంపూర్ణ గ్రహణమును జాన్సెను అను ఫ్రెంచి పండితుఁడు గుంటూరునుండియు, మదరాసు వేధశాలాధికారి పాగ్సను మచిలీపట్టణమునుండియు వర్ణపటదర్శినులతోఁ జూచిరి. బింబపుటంచునఁ గనఁబడు జ్వాలలు వెలుఁగు వాయువులని యానాఁడు నిశ్చయమైనది. ఆ శోధన ముప్పది యేండ్లలో పళని కొండలపై సుమారు 7,700 అడుగుల యెత్తున కొడైకానలులో వేధశాల వెలయుటకు దారి తీసెను.

జాన్ ఎవర్షెడ్ 1907వ సంవత్సరమున నచ్చటికి వచ్చి, 1911 మొదలు 1923 వఱకు దానికి అధికారిగా నుండెను. అతఁడును రాయిడ్సును సూర్యరేఖలను భూమిపైఁ బుట్టించిన రేఖలతోఁ బోల్చి, 1914వ సంవత్సరమునాఁటికే అవి యెఱుపువైపునకు జరిగియుండుటను గుర్తించిరి. అయినను ఆ జరుగుబాటు సాపేక్ష సిద్ధాంతము చెప్పినట్లు లేదు. గురుత్వమువలనఁ గలుగు జరుగుబాటు బింబమధ్యమునను, అంచునను ఒక్కరీతిగా నుండవలెను. అన్నిరేఖలకును ఒకే నిష్పత్తిలో నుండవలెను. ఎవర్షెడ్ చూచినదో, అంచున హెచ్చు, మధ్యమునఁ దక్కువ. ఒక్కొక్క రేఖకు నొక్కొక్క తీరు. ఇది గురుత్వము కాదు, వాయువుల చలనమనియు, ఆ చలనము భూమికి విముఖముగాఁ గనఁబడుచున్నది గనుక భూమియే దానికిఁ గారణము కావచ్చుననియు నతఁడు శంకించెను.

ఆ శంక వింతగాఁ దోఁపవచ్చును. ఎవర్షెడ్ దానిని శంకగానే విడువక, పరీక్ష కల్పించెను. శుక్రగ్రహముపైఁ బడి మరలివచ్చు సూర్యకాంతి భూమికిఁ గనఁబడని సూర్యభాగమునుండి వచ్చినదియుఁ గావచ్చును. దోషము భూమిదైనచో శుక్రకాంతిలో జరుగుబాటు మాఱవలెను. ఈ యూహతో శుక్రకాంతిని ఛాయాచిత్రఫలకములపైఁ గొలిచిరి. మొదటి కొలఁతలు భూమికారణవాదమున కనుకూలముగా నున్నట్లు కనఁబడెను. అదే కాలమున, 1917లో, అమెరికాలోని మౌంట్ విల్సను వేధశాలయందు సెయింట్ జాన్ తాను గొలిచిన రేఖలలో సాపేక్ష సిద్ధాంతము చెప్పిన జరుగుబాటు లేదని ప్రకటించెను. ఇద్దఱు సమర్థులైన పరీక్షకులు ప్రతికూలులగుట సిద్ధాంతమునకు సామాన్యమైన కష్టము గాదు. కొలవవలసినదో యత్యల్పము: జరుగుబాటును వేగముగా మార్చి చెప్పినచో సెకండునకు 0.64 కిలోమీటరు మాత్రమే.

మరలఁ గొలిచినకొలఁది చిక్కు విడివడెను. సూర్యుని యుపరితలమున వేఁడి వాయువులు పైకి లేచుచుండును. బింబమధ్యమున నవి ద్రష్టవైపునకు వచ్చునవి గనుక రేఖలను నీలమువైపునకు నెట్టి, గురుత్వపు జరుగుబాటును గొంత కప్పివేయును. అంచున నా చలనము అడ్డముగా నుండుటచేఁ గప్పు తొలఁగును. రెండు కారణములు కలసి పనిచేయుచుండఁగా నొకదానినే చూచుటచే మొదట విరోధము తోఁచినది. ఎవర్షెడ్ పదవి విడుచునాఁటికి తన పూర్వపక్షమును దానే విడిచి, సాపేక్ష ఫలమును సమర్థించెను. సెయింట్ జానును 1923వ సంవత్సరమున నట్లే చేసెను. ఆక్షేపకులే సాక్షులైన యీ ఘట్టము, అనుకూలు లెంతమంది చెప్పినను రాని బలమును సిద్ధాంతమునకుఁ దెచ్చినది.

రెండవ పూర్వపక్షి సర్ షా మహమ్మదు సులేమాను. 1886వ సంవత్సరమున జన్మించి, అలహాబాదునందును కేంబ్రిడ్జియందును జదివి, 1932వ సంవత్సరమున అలహాబాదు ఉన్నత న్యాయస్థానమునకుఁ బ్రధాన న్యాయమూర్తియై, 1937లో ఫెడరలు న్యాయస్థానమునకుఁ బోయెను. పగలు వ్యవహారములు తీర్చుచు, మిగిలిన ప్రొద్దు గణితమున గడపెను. 1934 మొదలు అలహాబాదు విజ్ఞాన పరిషత్తు పత్రికలో నూతన సాపేక్షమను పేరఁ దన వ్యాసములఁ బ్రకటించెను. ఆ పరిషత్తును 1930లో స్థాపించుటకుఁ బూనుకొన్న మేఘనాథ సాహాయే, 1920లో సత్యేంద్రనాథ బోసుతోఁ గూడి ఐన్‌స్టయిను వ్యాసముల నింగ్లీషులోనికిఁ దెచ్చినవాఁడు. అనువాదకుఁడు స్థాపించిన వేదికపైననే ఆక్షేపకునకు స్థానము దొరకుట గమనింపఁదగినది.

సులేమాను మతమిది. గురుత్వప్రభావము క్షణమున వ్యాపింపదు, పరిమితవేగముతోఁ బయనించును. కావునఁ గదలుచున్న వస్తువును జేరునప్పటికి దాని దిక్కును, పరిమాణమును గొంచెము మాఱును. న్యూటను నియమమును ఇట్లు సవరించినఁ జాలును. దేశకాలముల వక్రతను గల్పించుట గౌరవమేగాని లాఘవము గాదు. ఇంతతో నిలిచియున్నచో నిది మాటల వాదమే యగును. సులేమాను తన మతము ప్రకారము నక్షత్రకాంతి యెంత వంగవలెనో గణించి ముందుగాఁ బ్రకటించెను: ఐన్‌స్టయిను చెప్పిన 1.75 వికళలకంటె సుమారు మూఁడవవంతు అధికము, అనఁగా 2.3 వికళలకుఁ బైఁబడినది. తన పక్షమోడుటకుఁ దగిన యవకాశమును దానే కల్పించికొనినవాఁడు న్యాయమూర్తి యను పేరునకుఁ దగినవాఁడు.

అప్పటి సాక్ష్య మతనికిఁ బ్రతికూలముగా లేదు. 1922వ సంవత్సరము సెప్టెంబరు గ్రహణమున ఆస్ట్రేలియాలోని వల్లాలునందు అమెరికనులు 1.72 వికళలు గొలిచిరి. కాని 1929వ సంవత్సరము మే 9వ తేది సుమత్రాద్వీపమున ఫ్రాయిండ్లిఖ్ గొలిచినది 2.24. ఇతఁడు ఐన్‌స్టయినుకు విరోధి గాఁడు, చిరకాల సహాయుఁడు. 1936వ సంవత్సరము జూను 19వ తేది గ్రహణమున సోవియటు దేశమందు మిఖైలోవు గొలిచినది సుమారు 2.7. దాని దోషావకాశము 0.3 వికళ. ఈ రెండు కొలఁతలను మాత్రమే చూచువాఁడు సులేమాను పక్షమునకే మొగ్గును.

ఈ కొలఁతలలోఁ గష్ట మెక్కడ నున్నదో తెలియవలెను. సొబ్రాలునందలి 19 అడుగుల నాభ్యంతరముగల దూరదర్శినిలో నొక వికళ ఫలకముపై మిల్లీమీటరులో 35వ వంతు మాత్రమే. ఆ ఫలకమును నెలలు గడచిన పిదప రాత్రివేళఁ దీసిన మఱియొక ఫలకముతోఁ బోల్చవలెను. నడుమ ఫలకము చల్లఁబడినను, అద్దము కుంగినను నంతపాటి భేదమే కలుగును. అంచునకుఁ జేరువనున్న నక్షత్రములు సూర్యుని ప్రభావలయమున మునిగి కనఁబడవు. దూరమందున్నవానికి వంపు తక్కువ. ఇన్ని యవరోధముల నడుమ రెండు సిద్ధాంతములకును గల 0.6 వికళ భేదమును దేల్చుట గ్రహణమువలన నెంత కష్టమో దీనిచేఁ దెలియును.

సులేమాను 1941వ సంవత్సరమునఁ బరమపదించెను. నాఁటికి వ్యాజ్యము తీరలేదు. 1952లో సూడానులోని ఖార్తూమునందు జరిగిన కొలఁత 1.70 వికళలను జూపెను. పిదప రేడియోతరంగములను బంపు దూరజ్యోతులు సూర్యుని వెనుకకుఁ జేరువేళఁ గొలుచుపద్ధతి వచ్చెను. దీనికి గ్రహణముతోఁ బనిలేదు, ఫలకము లేదు. 1975 ప్రాంతమున నూటికి నొకవంతు దోషముతోను, ఆ తరువాత నింకను సూక్ష్మముగాను ఐన్‌స్టయిను గణనయే నిలిచెను. సులేమాను గణన వీఁగిపోయెను. తీర్పు చెప్పినది లక్ష్యమే.

మూఁడవ ఘట్టమొకటి కలదు. 1977వ సంవత్సరము జూను 23వ తేదిని అమెరికా వా రొక యుపగ్రహమున సీసియము గడియారమును బెట్టి యాకాశమునకుఁ బంపిరి. అంత యెత్తున గడియారము వేగిరపడునని సాపేక్ష గణన. నిజముగా నట్లు జరుగునాయని కొందఱు యంత్రకారులు శంకించిరి. కావున సవరించు యంత్రమును నమర్చియు మొదట దానిని బనిచేయనీయలేదు. ఇరువదిదినములు చూడఁగా, గడియారము లక్షకోట్లలో 442.5 వంతులు వేగిరముగా నడచెను. గణన చెప్పినది 446.5. సవరణ యంత్రమును బనిలోఁ బెట్టిరి. సవరింపనిచో దినమునకు 38 మైక్రోసెకండులు హెచ్చును. ఆ కాలమున వెలుతురు 11 కిలోమీటరులకు మించి పోవును.

ఈ తీర్పు పండితగోష్ఠులకే పరిమితము గాదు. చిత్తూరు మండలమందలి పూతలపట్టునుండి బయలుదేఱిన రాజమార్గము తిరుపతి, శ్రీకాళహస్తుల మీఁదుగా నాయుడుపేటఁ జేరును. అటనుండి దక్షిణమునకుఁ బోయిన సూళ్లూరుపేట, దానికి నెదుట శ్రీహరికోట. 2013వ సంవత్సరము జూలై 1వ తేదిని భారతదేశపు దారిఁజూపు నుపగ్రహములలో మొదటిది యాదీవినుండియే యెగసెను. పూతలపట్టునొద్ద లారీ నాఁపి, చేతి ఫోనులో దారి వెదకు సారథికి ఎవర్షెడ్ పేరుగాని, సులేమాను పేరుగాని తెలియవలసిన పనిలేదు. అయినను అతనికి దారిఁజూపు గడియారములు వారు పరీక్షించిన సిద్ధాంతముచేతనే సవరింపఁబడుచున్నవి.

నేఁటికిని సాపేక్ష సిద్ధాంతమునకు నాక్షేపకులు పుట్టుచునే యున్నారు. పుట్టుట తగును. అణువుల శాస్త్రముతో దాని పొత్తు పూర్తిగాఁ గుదురలేదు గనుక, దానికిని వార్తికకారుఁ డొకఁడు రావచ్చును. వచ్చువానిని అడుగవలసిన ప్రశ్న మాత్ర మొక్కటియే: సిద్ధాంతి గణించిన సంఖ్యకు మాఱుగా నీ సంఖ్య యేది? ఎవర్షెడ్ ఫలకములను జూపెను, సులేమాను 2.3 అని వ్రాసి యిచ్చెను. ఇద్దఱు నోడిరి, ఇద్దఱును శాస్త్రమునకు మేలు చేసిరి. సంఖ్య చెప్పనివాఁడు ఓడుటయు లేదు, నేర్పుటయు లేదు.