స్పైర్‌కు తెలుగు మాట ఏది? గోపురం, విమానం, శిఖరాల అర్థాలపై ఒక పరిశీలన

బాన్సువాడ ప్రాంతం వారికి రెండు రకాల ఎత్తైన కట్టడాలు బాగా పరిచయం. బీర్కూరు మండలం తిమ్మాపూర్‌లో తెలంగాణ తిరుమలగా పేరుపడ్డ వేంకటేశ్వరాలయం ఒకవైపు ఉంది. ఎల్లారెడ్డి మీదుగా దక్షిణానికి వెళితే మెదక్ చర్చి, దాని 175 అడుగుల గంట గోపురం కనిపిస్తాయి. రెండుచోట్లా జనం వాడే మాట ఒక్కటే: గోపురం. ఇంగ్లీషులో మాత్రం ఇలా పైకిపోయేకొద్దీ సన్నబడే కట్టడానికి టవర్, స్టీపుల్, స్పైర్, పినకిల్ అని వేరువేరు పేర్లున్నాయి. మన శిల్పశాస్త్రంలోనూ విమానం, గోపురం, శిఖరం ఒకటి కావు. మరి స్పైర్ అనే మాటకు గోపురం సరైన సాటి అవుతుందా?

దీన్ని తేల్చడానికి మూడు రకాల ఆధారాలు తీసుకుంటున్నాను. మొదటివి పాత నిఘంటువులు చెప్పే అర్థాలు. రెండోవి శిల్పగ్రంథాల పరిభాష. మూడోవి పేరున్న క్షేత్రాల్లో భక్తులు నేటికీ వాడుతున్న మాటలు. మాట ఏ ధాతువు నుంచి పుట్టిందన్న చర్చకు వీటన్నిటికన్నా తక్కువ బరువు ఇస్తున్నాను. వ్యుత్పత్తి చాలాసార్లు ఊహకు అందంగా ఉంటుంది గాని, కట్టడం గురించి సాక్ష్యం చెప్పదు.

మొలక నుంచి మొన దాకా

ముందుగా ఇంగ్లీషు మాట. స్పైర్‌కు ప్రాచీన ఆంగ్లంలో రూపం ‘స్పీర్’. అప్పట్లో దానికి కట్టడంతో సంబంధం లేదు. గడ్డిమొలక, రెల్లుకాడ, నిటారుగా పెరిగే సన్నటి కాండం అన్నవి దాని అర్థాలు. డచ్చి, స్కాండినేవియా భాషల్లోనూ దీని బంధువులైన మాటలు గడ్డిపోచనో సన్నటి చెట్టునో చెబుతాయి. బార్లీ గింజను నానబెట్టి మొలకెత్తించేవారు అందులోంచి వచ్చే తొలి మొలకను నేటికీ ‘ఆక్రోస్పైర్’ అంటారు. ఆ మాటలో పాత అర్థం చెక్కుచెదరకుండా మిగిలింది. చర్చి మీది మొనదేలిన పైభాగానికి ఈ పేరు స్థిరపడింది పదహారో శతాబ్దం చివర్లో. అంటే 404 అడుగుల ఎత్తుతో ఇంగ్లండులోకెల్లా పొడవైన సాలిస్‌బరీ చర్చి స్పైర్ లేచిన రెండు శతాబ్దాలకు పైగా గడిచాక. కట్టడం ముందు వచ్చింది, ఇవాళ మనం వాడే పేరు తరవాత వచ్చింది.

ఇక్కడ రెండు పొరపాట్లు తరచూ దొర్లుతుంటాయి. స్పైర్‌కూ, ఆత్మ అని అర్థమిచ్చే ‘స్పిరిట్’కూ చుట్టరికం కలపడం ఒకటి. స్పిరిట్, యాస్పైర్, ఇన్‌స్పైర్ అన్నవి ఊపిరి పీల్చడం అనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచి వచ్చాయి. మెలిక అని అర్థమిచ్చే ‘స్పైరల్’తో ముడిపెట్టడం రెండోది. ఆ మాట చుట్ట అనే అర్థమున్న గ్రీకు మాట లాటిన్ ద్వారా రాగా ఏర్పడింది. ఇంగ్లండులోని చెస్టర్‌ఫీల్డ్ చర్చి స్పైర్ నిజంగానే మెలితిరిగి ఒకపక్కకు ఒరిగి ఉంటుంది. దాన్ని చూసినవారికి ఈ రెండో ఊహ సహజంగానే తోస్తుంది. అయినా అది ఒక్క కట్టడానికి పట్టిన వంకరే గాని మాటకు మూలం కాదు.

తోటి మాటల కథలూ ఇలాంటివే. స్టీపుల్ అంటే మొదట ఎత్తైన బురుజు అని మాత్రమే అర్థం. నిటారు అనే అర్థమున్న ‘స్టీప్’ దాని బంధువు. గంటలుండే బురుజును ‘బెల్‌ఫ్రీ’ అంటారు. అందులో గంట అనే అర్థమున్న ‘బెల్’ మొదట్లో లేదు. కోటల ముట్టడిలో వాడే కదిలే బురుజుకు ఫ్రెంచివారి పేరు అది. ఇంగ్లీషువారి చెవికి గంట గుర్తొచ్చి మాట రూపం మారింది. అర్థం కట్టడాన్ని బట్టి మారిందే తప్ప, మాటను బట్టి కట్టడం పుట్టలేదు.

ఊరి వాకిలికి పేరు

గోపురం సంగతి చూద్దాం. క్రీ.శ. నాలుగు నుంచి ఆరో శతాబ్దం మధ్య నాటిదని ఎక్కువమంది పండితులు భావించే సంస్కృత నిఘంటువు అమరకోశం, పురవర్గంలో గోపురానికి పురద్వారం అని అర్థం చెబుతుంది. పట్టణపు వాకిలి అన్నమాట. ఎత్తు గాని, మొన గాని, దేవుడు గాని ఆ అర్థంలో లేవు. రామాయణంలోని లంకకూ గోపురాలున్నాయి, అవి కోట వాకిళ్లు. గుడి ప్రాకారాలు ఊరి కోటల్లా పెరిగాక వాకిలి పేరు గుడి వాకిలికి వచ్చిందని అనుకోవడం న్యాయంగా ఉంటుంది.

అమరకోశంలోనే ఓషధుల వర్గంలో మరో గోపురం ఉంది. అక్కడ అది తుంగముస్తెల జాతికి చెందిన ఒక మొక్కకు పేరు. గడ్డిమొలక నుంచి వచ్చిన స్పైర్, తుంగ జాతి మొక్కకు పేరైన గోపురం పక్కపక్కన కనిపించేసరికి, ఈ రెంటి వెనకా ఒకే పురాతన భావన ఉందని వ్యాసం అల్లేయాలనిపిస్తుంది. కానీ ఆధారం అందుకు ఒప్పుకోదు. వాకిలి అర్థం మొక్క అర్థంలోంచి వచ్చిందని చెప్పే వాడుక ఏదీ అమరకోశంలో లేదు. రెండూ వేరువేరు వర్గాల్లో, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఉన్నాయి. దీన్ని యాదృచ్ఛికంగానే లెక్కించాలి.

వ్యుత్పత్తి విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. గోవుల పురం అని కొందరు, కాపాడడం అనే అర్థమున్న ‘గుప్’ ధాతువు నుంచి అని కొందరు, తమిళంలో రాజు అనే అర్థమున్న ‘కో’ నుంచి అని మరికొందరు చెబుతారు. ఏది నిజమైనా, మనకు అందే పాత అర్థం వాకిలే.

శిల్పుల లెక్క

శిల్పగ్రంథాలు ఇంకా బిగువుగా మాట్లాడతాయి. దక్షిణాది పద్ధతిలో ఆలయానికి ఆరు అంగాలు: అధిష్ఠానం, పాదం, ప్రస్తరం, గ్రీవం, శిఖరం, స్తూపి. కింది పీఠం మొదలు పైన కలశం దాకా ఉండే ఈ మొత్తం విమానం. శిఖరం అందులో ఒక్క అంగమే. మెడలాంటి గ్రీవం పైన, స్తూపి కింద ఉండే గుమ్మటపు భాగం అది. ఉత్తరాది పద్ధతిలో అలా కాదు. గర్భగుడి మీద లేచిన మొత్తం కట్టడాన్ని శిఖరం అంటారు. ఒకే మాట వింధ్యకు అటు ఒక కొలతకూ, ఇటు మరో కొలతకూ నిలిచింది.

గోపురం విషయంలో మయమతం అనే శిల్పగ్రంథం మరో అడుగు ముందుకు వేస్తుంది. అయిదు ప్రాకారాల గుడికి లోపలి నుంచి బయటికి వాకిళ్లను వరసగా ద్వారశోభ, ద్వారశాల, ద్వారప్రాసాదం, ద్వారహర్మ్యం, ద్వారగోపురం అంటుంది. ఖచ్చితంగా చూస్తే గోపురం అన్న పేరు అన్నిటికన్నా బయటి, అన్నిటికన్నా పెద్ద వాకిలికే దక్కింది. వాకిలి అన్న పాత అర్థానికి ఎత్తు తోడైన చోటు ఇదే కావచ్చు.

కట్టడాల చరిత్ర దీన్ని బలపరుస్తుంది. సుమారు 1010 నాటికి పూర్తయిన తంజావూరు బృహదీశ్వరాలయంలో విమానమే ఆకాశాన్నంటుతుంది, వాకిలి గోపురాలు దానికన్నా చాలా పొట్టి. ఆ తరవాతి శతాబ్దాల్లో క్రమం తిరగబడి, చిదంబరం లాంటి చోట్ల బయటి గోపురాలు గర్భగుడిని మించి పెరిగాయి. విజయనగర కాలంలో ఇది తెలుగునాట కూడా రివాజైంది. శ్రీకాళహస్తిలో 1516లో కృష్ణదేవరాయలు కట్టించినది, మంగళగిరిలో 1807–09 మధ్య రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కట్టించిన పదకొండు అంతస్తుల 153 అడుగులది ఈ వరసలోవే. దూరం నుంచి కంటికి మొదట తగిలేది గోపురమే కావడంతో, ఎత్తైన ప్రతిదానికీ ఆ పేరు పాకిందని చెప్పవచ్చు.

భక్తుల నోట మిగిలిన తేడా

ఇంతకీ వాడుక భాష ఈ తేడాలను పూర్తిగా మరిచిపోయిందా అంటే, లేదు. తిరుమలలో వాకిలి మీదిది మహాద్వార గోపురం, గర్భగుడి మీది బంగారు రేకుల కట్టడం ఆనందనిలయ విమానం. దాని మీద ఉన్న మూర్తికి విమాన వేంకటేశ్వరుడనే పేరు. ఆయన్ను గోపుర వేంకటేశ్వరుడని ఎవరూ అనరు. శ్రీశైలంలో శిఖరేశ్వరం దగ్గర ఆగి, నంది కొమ్ముల మధ్య నుంచి దూరాన ఉన్న గుడి పైభాగాన్ని చూడడాన్ని శిఖర దర్శనం అంటారు. మంగళగిరిలో, శ్రీకాళహస్తిలో వాకిలి మీదిది గాలిగోపురం. మూడు మాటలూ మూడుచోట్ల తమ తమ స్థానాల్లో నిలిచే ఉన్నాయి.

2010 మే 26న శ్రీకాళహస్తి గాలిగోపురం కూలినప్పుడు ఈ తేడా కళ్లకు కట్టింది. దాదాపు అయిదు వందల ఏళ్ల వాకిలి నేలమట్టమైంది గాని గర్భగుడికీ దాని విమానానికీ నష్టం జరగలేదు. గోపురం గుడికి వాకిలే గాని, మూలవిరాట్టు మీది కప్పు కాదు.

మరోవైపు ‘గుళ్లూ గోపురాలూ తిరగడం’ అన్న పలుకుబడి ఉంది. ఇక్కడ గోపురం అంటే గుడి అనే అర్థం. విమానాన్ని కూడా గోపురం అనడం మాటల్లో మామూలే. కాబట్టి తెలుగులో గోపురానికి రెండు పొరలున్నాయి: క్షేత్ర పరిభాషలో వాకిలి, వాడుకలో ఎత్తైన పవిత్ర కట్టడం ఏదైనా.

తెలంగాణ నేల మీద

ఈ విషయంలో తెలంగాణను తమిళదేశపు కొలతతో కొలిస్తే తప్పుదారి పడతాం. కాకతీయుల ఓరుగల్లు కోటలో స్వయంభూ ఆలయానికి నాలుగు దిక్కులా నిలిచినవి రాతి తోరణాలు, వాటి మీద అంతస్తుల గోపురాలు లేవు. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడిలో పైకి లేచేది విమానమే. రాతి గుడి మీద దాన్ని తేలికైన ఇటుకలతో కట్టారు. ఇంకా వెనక్కి, బాదామి చాళుక్యుల నాటి అలంపురం నవబ్రహ్మ ఆలయాలకు వెళితే, అక్కడ ఉత్తరాది తీరు వంపు శిఖరాలు కనిపిస్తాయి. పక్కనే పాపనాశిలో మెట్లు మెట్లుగా సన్నబడే పైకప్పులున్నాయి. ఈ నేల మీద తోరణం, విమానం, శిఖరం మూడూ పాతవే. వాకిలి మీది ఎత్తైన గోపురం ఆ వరసలో తరవాత వచ్చిందని ఈ మూడు ఉదాహరణలు సూచిస్తున్నాయి. ఇవి పెద్ద క్షేత్రాలు గనుక, ప్రతి పల్లె గుడికీ ఇదే వర్తిస్తుందని దీన్నిబట్టి చెప్పకూడదు.

మెదక్ చర్చికి ఆ పేరెలా వచ్చింది

వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆధ్వర్యంలో 1914లో మొదలైన మెదక్ చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ పొందింది. గాథిక్ తరహా కట్టడం, పొడవు 200 అడుగులు, వెడల్పు 100. దాని బురుజు వాకిలి అని కాదు, ఎత్తు వల్ల గోపురమైంది. చార్మినార్‌ను మించి కడుతున్నారని నిజాం అభ్యంతరపెట్టాడన్న కథ ఒకటి ప్రచారంలో ఉంది. 1591 నాటి చార్మినార్ మీనారు సుమారు 160 అడుగులు గనుక ఎత్తుల లెక్క కథకు సరిపోతుంది. అయితే లెక్క కుదిరినంత మాత్రాన కథ చరిత్ర అయిపోదు.

మీనారును మాత్రం తెలుగువారు గోపురం అనకపోవడం గమనించదగ్గది. నిప్పు లేదా వెలుగు ఉండే చోటు అన్న అర్థమున్న అరబ్బీ మాట అది. ఉర్దూ నలుగురి నోటా నానిన ఈ ప్రాంతంలో మీనారు తన పేరుతోనే వచ్చి స్థిరపడింది. చర్చి బోధ తెలుగులో సాగింది, అందువల్ల ఆ కట్టడానికి తెలుగులో ఉన్న మాటే దొరికింది. ఇది నిరూపణ కాదు, ఇప్పుడున్న ఆధారాలకు సరిపోయే వివరణ.

తేలింది ఏమిటి

స్పైర్ మొలకగా మొదలైంది, గోపురం వాకిలిగా మొదలైంది. రెండూ ఎత్తు దగ్గర కలిశాయి గాని అర్థంలో సమానం కాలేదు. స్పైర్ అనేది బురుజు మీద మొనదేలే పైభాగం. స్థానాన్ని బట్టి చూస్తే దానికి దగ్గరగా వచ్చేది శిఖరం, గోపురం కాదు. చర్చి బురుజు మొత్తాన్ని గంట గోపురం అనడంలో తప్పేమీ లేదు. జనం ఆ మాటను ఒప్పుకున్నారు, అర్థమూ స్పష్టంగా ఉంది. గుడి విషయంలో మాత్రం వాకిలి మీదిది గోపురం, గర్భగుడి మీదిది విమానం, దాని తలభాగం శిఖరం అని రాయడం మేలు. అలంపురం లాంటి ఉత్తరాది తీరు గుళ్ల విషయంలో మొత్తాన్నీ శిఖరం అనవచ్చు.

బాన్సువాడ, బోధన్, ఎల్లారెడ్డి ప్రాంతాల గుళ్ల చరిత్ర రాస్తున్నవారికి ఒక మనవి. ‘గుడికి పెద్ద గోపురం ఉంది’ అని ఒక్క ముక్కలో ముగించకండి. అది వాకిలి మీద ఉందా, గర్భగుడి మీద ఉందా, రాతిదా, ఇటుకదా, ఎప్పుడు కట్టారు, ఊరివాళ్లు దాన్ని ఏమంటారు అన్నవి విడివిడిగా రాసి పెట్టండి. రేపు ఈ ప్రాంతపు ఆలయ నిర్మాణ చరిత్ర రాయబోయేవారికి ఆ వివరాలే ఆధారమవుతాయి.