పాస్‌పోర్టు దారిన వచ్చిన డ్యూ ప్రాసెస్: గోదావరి డెల్టా విద్యార్థికి అమెరికా రాజ్యాంగ పాఠం

పెనుగొండ, మార్టేరు, ఆచంట ప్రాంతాల్లో లా పరీక్షలకో గ్రూప్-1 మెయిన్స్‌కో కూర్చున్నవారికి అమెరికా రాజ్యాంగం సాధారణంగా ఒక పట్టికగా ఎదురవుతుంది. ఎడమవైపు అమెరికా, కుడివైపు భారత్. 1787లో రాసిన ఏడు అధికరణాలు, 1791లో చేరిన హక్కుల పత్రం, ఇప్పటికి 27 సవరణలు. అక్కడ అధ్యక్షుడు, ఇక్కడ మంత్రిమండలి. అక్కడ డ్యూ ప్రాసెస్, ఇక్కడ చట్టం నిర్దేశించిన విధానం. బిట్లకు ఇంతే చాలు. అయితే పట్టికలోని తేడాలన్నీ ఒకే బాపతువి కావు. కొన్ని రాజ్యాంగ పాఠంలోనే పాతుకుపోయి నేటికీ కదల్లేదు. చివరిది మాత్రం తీర్పుల్లో చాలావరకు కరిగిపోయింది. ఆ పని మొదలుపెట్టినవారిలో ముఖ్యుడు రాజమండ్రిలో పుట్టిన ఒక న్యాయమూర్తి.

కదలని తేడాకు ఉదాహరణ మన కళ్లముందు జరిగిందే. ఒక రాష్ట్రాన్ని చీల్చి మరో రాష్ట్రం చేయాలంటే ఆ రాష్ట్ర శాసనసభ ఒప్పుకోవాలని అమెరికా రాజ్యాంగం నాలుగో అధికరణం చెబుతుంది. అంతర్యుద్ధం నడుమ, 1863లో, వెస్ట్ వర్జీనియాను విడదీసినప్పుడు సైతం యూనియన్ పక్షాన నిలిచిన వర్జీనియా ప్రభుత్వం చేత సమ్మతి ఇప్పించి ఆ లాంఛనం ముగించారు. మన మూడో అధికరణం రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగమంటుంది, అంతే. ఆ అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడనక్కర్లేదని బాబులాల్ పరాటే కేసులో సుప్రీంకోర్టు 1959లోనే తేల్చింది. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరించింది. జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. ఇక్కడ అమెరికా సూత్రం దూరడానికి సందు లేదు.

డ్యూ ప్రాసెస్ కథ వేరు. దాన్ని మనవాళ్లు మరిచిపోలేదు, తెలిసే వదిలేశారు. రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావు 1947లో అమెరికా వెళ్లి జస్టిస్ ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్‌ను కలిశారు. ప్రజలెన్నుకున్న సభ చేసిన చట్టాన్ని కొద్దిమంది జడ్జీలు ఆ సూత్రం పేరుతో కొట్టేయడం ప్రజాస్వామ్యానికి తగదన్నది ఫ్రాంక్‌ఫర్టర్ మాట. బేకరీ కార్మికుల చేత వారానికి 60 గంటలకు మించి పని చేయించరాదన్న న్యూయార్క్ చట్టాన్ని 1905లో లాక్నర్ కేసులో అలాగే కొట్టేశారు మరి. నెల్లూరు జిల్లాకు చెందిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ కూడా రాజ్యాంగ సభలో అమెరికా తీర్పుల నిలకడలేమిని ఎత్తిచూపారు. జమీందారీల రద్దుకు సిద్ధమవుతున్న దేశానికి అది సబబైన భయమే. కాని ఆస్తి గురించిన భయం మనిషి స్వేచ్ఛకూ చుట్టుకుంది. 1950లో ఎ.కె. గోపాలన్ మద్రాసు ప్రభుత్వంపై వేసిన కేసులో (అప్పుడు మన జిల్లా కూడా ఆ రాష్ట్రంలోదే) ఆ ఫలితం బయటపడింది: సభ చేసిన చట్టం ఉంటే చాలు, అది న్యాయమైనదేనా అని వ్యక్తి స్వేచ్ఛను కాపాడే 21వ అధికరణం కింద అడగలేమని మెజారిటీ తీర్పు.

మొదట చెప్పిన ఆ రాజమండ్రి న్యాయమూర్తి కోకా సుబ్బారావు పుట్టింది 1902లో. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు, 1958లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. పరీక్షల్లో ఆయన పేరు గోలక్‌నాథ్ కేసుతోనే ముడిపడింది. తీర్పు ఇకపై జరిగేవాటికే వర్తిస్తుందన్న పద్ధతిని అమెరికా నుంచి తెచ్చుకున్నది అక్కడే. నా లెక్కలో అంతకంటే బరువైనవి మరో రెండు. ఖరక్ సింగ్ కేసులో, 1962లో, పోలీసు నిఘా నిబంధనలో రాత్రిపూట ఇళ్లకు వెళ్లే భాగాన్ని మాత్రమే మెజారిటీ కొట్టేసింది. సుబ్బారావు జస్టిస్ షాతో కలిసి నిబంధన మొత్తం చెల్లదన్నారు; ఏకాంతం వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనన్నారు. ఆ మైనారిటీ మాటను 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీలు నిలబెట్టారు.

రెండోది పాస్‌పోర్టు. కమ్యూనిస్టన్న అనుమానంతో చిత్రకారుడు రాక్‌వెల్ కెంట్‌కు పాస్‌పోర్టు నిరాకరిస్తే, ప్రయాణ హక్కు అయిదో సవరణలోని స్వేచ్ఛలో భాగమని అమెరికా సుప్రీంకోర్టు 1958లో 5-4 తేడాతో అంది. ఇక్కడ మోటారు విడిభాగాల వ్యాపారి సత్వంత్ సింగ్ సాహ్నీని పాస్‌పోర్టులు తిరిగి ఇచ్చేయమన్నారు. అప్పటికి పాస్‌పోర్టు ఇవ్వాలో వద్దో చెప్పే చట్టమే లేదు, అంతా అధికారుల ఇష్టం. విదేశీ ప్రయాణం 21వ అధికరణంలోని స్వేచ్ఛేనని సుబ్బారావు 1967 ఏప్రిల్ 10న 3-2 మెజారిటీతో తీర్పిచ్చారు. కెంట్ తీర్పు ఆయన ముందుంది. మర్నాడు పదవి వదిలి రాష్ట్రపతి ఎన్నికల బరిలోకి దిగారు. అమెరికాలో మనిషి లేని వీధి అరుదైన ఈ డెల్టాలో ఆ తీర్పు సంగతి తెలిసినవారు మాత్రం తక్కువ.

ఆ తీర్పు వల్లే అదే ఏడాది పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. ఆ చట్టం కిందే 1977లో మేనకా గాంధీ పాస్‌పోర్టు స్వాధీనం చేసుకోమన్నారు, కారణం చెప్పలేదు. చట్టం ఉంటే సరిపోదని, అది చెప్పే విధానం న్యాయంగా, సహేతుకంగా ఉండాలని 1978 జనవరి 25న సుప్రీంకోర్టు అంది. గోపాలన్ తీర్పు పట్టు అక్కడితో వదిలింది.

కాబట్టి మేనకా కేసును ప్రస్తావించకుండా డ్యూ ప్రాసెస్ తేడా రాసే జవాబు 1950 దగ్గరే ఆగిపోయినట్టు. కెంట్‌ను అమెరికా చివరి మాటగా రాసినా పొరపాటే. మాజీ సి.ఐ.ఎ. ఉద్యోగి ఫిలిప్ ఏజీ పాస్‌పోర్టును ముందుగా విచారణ జరపకుండానే రద్దు చేస్తే, దేశ భద్రత కారణంతో అక్కడి సుప్రీంకోర్టు 1981లో 7-2 తేడాతో సమర్థించింది. పాస్‌పోర్టు స్వాధీనం చేసుకున్న తర్వాతైనా మనిషి వాదన వినాల్సిందేనని అంతకు మూడేళ్ల ముందే మేనకా కేసులో మన కోర్టు అనేసింది.