ఇనుప కార్ఖానాకు తావు, తాహతు

చెరకు పండు సీమలలో బెల్లపు గానుగను ఊరినడుమ నాటక, తోటగట్టుననే నాటుట మన పూర్వుల ఆచారము. చెరకు బరువు, బెల్లము తేలిక. పలుబండ్ల చెరకును ఊరికి తోలుటకంటె, తోటలోనే వండి ఒక్క బండి బెల్లమును తోలుట మేలు. అంగడి యన్ననో జనము తిరుగు బజారుననే యుండవలెను. కావున ఏ పనికి ఏ తావు తగునను విచారము మనకు క్రొత్తది కాదు. ఆ విచారమే కోట్లకొలది ధనముతో కూడినపుడు ఎట్లుండునో, ఇనుప కార్ఖానాల చరిత్రనుబట్టి నేడు మనవిచేసెదను.

దక్షిణార్కాటు సీమలో వెల్లారు సముద్రమున గలియు చోట పరంగిపేట యను రేవు కలదు. ఆంగ్లేయులు దానిని పోర్టోనోవో యనిరి. ఈస్టిండియా కంపెనీ కొలువు విడిచిన హీత్ దొర 1830 ప్రాంతమున అచ్చట కొలుములు కట్టించెను. సేలము సీమలోని ఇనుపరాయి శ్రేష్ఠమైనది. రేవు చెంతనే యుండుటచే ఓడలకెక్కించుట సులభము. కంపెనీవారి అప్పును లభించెను. అయినను ఆ వ్యాపారము స్థిరపడలేదు. రాయి లోనాటినుండి దూరము మోయబడి రావలెను. కొలిమిలో వేయునది కట్టెబొగ్గు. అడవిని నరికినకొలదియు అడవి కొలిమికి దూరమగుచుండును. దూరమైనకొలదియు బొగ్గు ప్రియమగుచుండును. సరకు పోవు దారికి ఇచ్చిన విలువను సరకు వచ్చు దారికి ఇయ్యకపోవుటచే, ఆ శతాబ్దము ముగియకమునుపే ఆ కొలుములు చల్లారెను.

పిమ్మట బొంబాయి వర్తకుడగు జంషెట్జీ టాటా యీ పనికి పూనుకొనెను. మధ్యపరగణాలలోని చాందా జిల్లాయందు లోహారా కొండ ఇనుపరాతికి పేరుపొందినది. వరోరా బొగ్గుగనులును దానికి మిక్కిలి దూరము గావు. ఇంతకంటె తగిన తావేది యనిపించును. కాని ఆ బొగ్గును జర్మనీకి గొనిపోయి పరీక్షింపజేయగా, అది పెద్దకొలిమికి పనికిరానిదని తేలెను. పెద్దకొలిమిలో బొగ్గు మండుటయే చాలదు. పైనున్న రాతిబరువును మోయుచు గాలిని పోనీయవలెను. అందుకై బొగ్గును ముందుగా కాల్చి గట్టి కోకుగా మార్చుదురు. కోకుగా గట్టిపడని బొగ్గు పొడియై నిప్పును ఊపిరాడనీయదు. దగ్గరనున్న బొగ్గు వేరు, తగిన బొగ్గు వేరు అని యిచ్చట తెలిసినది.

1904 ఫిబ్రవరిలో ప్రమథనాథ బోసు అను భూగర్భశాస్త్రజ్ఞుడు టాటాకు ఒక లేఖ వ్రాసెను. మయూరభంజి సంస్థానమందలి గోరుమహిసానీ కొండలో మేలైన ఇనుపరాయి విస్తారముగా నున్నదనియు, ఝరియా బొగ్గుగనులు అందుబాటులోనే యున్నవనియు దాని సారాంశము. ఆ మే నెలలోనే జంషెట్జీ కాలధర్మము నొందెను. కుమారుడు దొరాబ్జీ యా పనిని కొనసాగించెను. అమెరికానుండి వచ్చిన పెరిన్, వెల్డ్ అను నిపుణులు గనులను శోధించిరి. మొదట సీనీ యను స్టేషనుచెంత తావు తలచిరి గాని, తుదకు సువర్ణరేఖా ఖర్కాయీ నదుల సంగమమునొద్దనున్న సాక్చి గ్రామమును ఏర్పరచుకొనిరి. అది నేటి జార్ఖండు రాష్ట్రమందలిది.

సాక్చిలో ఇనుపరాయి లేదు, బొగ్గును లేదు. రాయి ఇంచుమించు 45 మైళ్ల దూరమున, ఝరియా బొగ్గు నూరుమైళ్లకు పైని, కలకత్తా రేవు 150 మైళ్ల ప్రాంతమున నున్నవి. అయినను ఆ తావే తగినదాయెను. ఒక టన్ను ఇనుమునకు టన్నున్నరకు పైగా రాయి కావలెను. బొగ్గును సున్నపురాయియు వేరు. ఇవియన్నియు రైలుమీద వచ్చుటకు బెంగాలు నాగపూరు రైలుదారిలో కాలీమాటి స్టేషను సమీపమున నుండెను. కొలుములను చల్లార్చుటకు పుష్కలముగా కావలసిన నీటిని మాత్రము రైలుమీద తేలేము. కావున మోయదగినవానిని మోయించి, మోయరానిదాని చెంతకు కార్ఖానాయే పోయినది. సాక్చి యూరులేని బయలు కాదని మనము మరువరాదు. అచ్చటి ఆదివాసి రైతుల పొలములమీదనే యా కొలుములు లేచినవి. తావునకు చెల్లిన వెలలో అదియు నొక భాగము.

ఇక తాహతు మాట. చెరువెంతయో ఆయకట్టు అంతయే యుండవలెను. పెద్దకొలిమి మన కమ్మరికొలిమివలె మాపు ఆర్పి రేపు రాజేయదగినది కాదు; రాత్రింబవళ్లు మండుచుండవలెను. కొనువారు తగ్గినను ఖర్చు తగ్గదు. ఈ సంగతి యెరిగి వారు మొదట ఏటికి లక్షటన్నుల ఉక్కునకే ఏర్పాటుచేసికొనిరి. పదియేండ్లపాటు ఏటేట 20,000 టన్నుల రైలుపట్టాలను కొందుమని ప్రభుత్వమువారు మాటయిచ్చియుండిరి. 1907లో మూలధనమునకై వాటాలను అమ్మజూపగా, ఇంచుమించు 8,000 మంది భారతీయులు మూడువారములలో 16,30,000 పౌనులు సమకూర్చిరి. 1911 డిసెంబరు 2వ తేదీన పోతయినుమును, 1912 ఫిబ్రవరి 16న ఉక్కును వెలువడెను.

1914లో మహాసంగ్రామము పొడసూపెను. సీమనుండి ఉక్కు రాక తగ్గినది. సాక్చి పట్టాలు మెసొపొటేమియాదాక పోయెను. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డు ప్రభువు వచ్చి యా యూరికి జంషెడ్‌పూరని పేరిడెను. చేసినదెల్ల చెల్లిపోవుచున్న ఆ కాలమున, 1917లోనే, కార్ఖానాను పలురెట్లు పెంచుటకు పూనుకొనిరి. యుద్ధానంతరమున యంత్రముల వెలలు మండిపడెను. పని ఏండ్ల తరబడి సాగెను. క్రొత్త కొలుములు సిద్ధమగునప్పటికి యుద్ధము ముగిసి, ఐరోపానుండి చౌక ఉక్కు వచ్చిపడి, వెలలు కూలెను. తావులో తప్పులేదు, రాతిలో తప్పులేదు, బొగ్గులో తప్పులేదు. కరవునాటి ధరను చూచి విత్తిన పంట కోతనాటికి అగ్గువయైన చందమాయెను.

1924లో జీతములిచ్చుటకును ధనము కొరవడెను. దొరాబ్జీ తన సొంత యాస్తినంతయు, భార్య నగలతోకూడ, బ్యాంకునొద్ద కుదువబెట్టి అప్పుతెచ్చెను. ఆ సంవత్సరముననే ప్రభుత్వము దిగుమతియగు ఉక్కుమీద రక్షణసుంకము విధించెను. కార్ఖానా నిలిచినది, నేటికిని నడచుచున్నది. అయితే సుంకపు భారము తుదకు కొనువారిమీదనే పడును. ఇంటికి రేకులు కప్పుకొనినవాడును, కమ్మరియొద్ద ఇనుము కొనినవాడును అందులో పాలుపంచుకొనిరి. ఒకచోట తాహతు మించిన ఫలమును దేశమంతయు కొంతకొంత మోసినది.

మన గ్రామములలో నేడు బియ్యపుమరలకును, చక్కెర మిల్లులకును, శీతల గిడ్డంగులకును తావులడుగుచు, వాటాలడుగుచు వచ్చువారు కలరు. స్థలమెంత యని మాత్రమే అడిగి యూరకుండరాదు. సరకు ఏడాదిలో ఎన్నినెలలు వచ్చును? వేసవిలో నీరెక్కడిది? బరువు తగ్గునది రాకలోనా పోకలోనా? పొలము పోగొట్టుకొనువానికి మిగులునదేమి? ధర సగమైననాడు ఈ యంత్రము తన కూలిని తాను సంపాదించుకొనునా? మంచి యేటి లెక్క చూపువారిని చెడ్డ యేటి లెక్కయు చూపుమని యడుగుడు. తావు పొరపాటైన పరంగిపేట చల్లారినది. తావు కుదిరియు తాహతు మించిన జంషెడ్‌పూరు ఆరిపోవు అంచుదాక పోయి, ఒకని యాస్తితోను అందరి సుంకముతోను గట్టెక్కినది. మన యూరి మిల్లునకు కుదువబెట్టుటకు అట్టి యాస్తి యుండదు.