కాలువ ఒడ్డున కృతజ్ఞతా కీర్తన



చెన్నైలో బేసిన్ బ్రిడ్జి దాటాక, బకింగ్‌హామ్ కాలువకు పడమటి వైపున వ్యాసర్పాడి ఉంది. వ్యాసమహర్షి వల్లనే తమ ఊరికి ఆ పేరు వచ్చిందని అక్కడివారు చెప్పుకుంటారు. ఆ వీధులలో తమిళంతో పాటు తెలుగూ వినిపిస్తుంది. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల నుంచి తాతల కాలంలో కూలికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. నేను ఆ రెండు భాషలలోనూ పాఠం చెప్పే ఉపాధ్యాయుడిని.

2016లో ఒక ఆదివారం సాయంత్రం నా విద్యార్థి ఒకడు వాళ్ళ ఇంట కృతజ్ఞత కూడికకు రమ్మని పిలిచాడు. వాడి అవ్వ బైబిలు తెరిచి 136వ కీర్తన చదివించింది. ఆ కీర్తనలో 26 వచనాలున్నాయి. ప్రతి వచనం చివరా దేవుని కృపకు అంతం లేదన్న పల్లవే మళ్ళీ మళ్ళీ వస్తుంది. చదవడం ముగిసినా అవ్వ ఆగలేదు. కరువులో తన తాతను కన్నతల్లి బతికి బయటపడింది అన్నది. ఇంటిల్లిపాదీ ఆ పల్లవి అందుకున్నారు. కాలువ తవ్వి గంజి తాగారు అన్నది. మళ్ళీ పల్లవి. మిల్లులో పని దొరికింది, ఆ మిల్లు మూతపడింది, వరద నీరు ఇంట్లోకి వచ్చింది అన్నది. ప్రతి మాటకూ అదే పల్లవి.

నేను చరిత్ర చెప్పేవాడిని కనుక నాకు సందేహం కలిగింది. మిల్లు మూతపడడం, ఇల్లు మునగడం కూడా కృతజ్ఞత చెప్పవలసిన విషయాలేనా? ఆ రాత్రి ఇంటికి వచ్చి 1876 నాటి కరువు గురించి మళ్ళీ పుస్తకాలు తిరగేశాను.

1876 నుంచి 1878 వరకు మద్రాసు రాజధానిని పట్టి పీడించిన ఆ కరువులో లక్షలాది మంది చనిపోయారు. ప్రభుత్వం కరువు పనులు పెట్టింది. 1877 ఆరంభంలో సర్ రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించాలని మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని నిర్ణయించాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. ఎండలో రోజంతా మట్టి మోసే మనిషికి అది ఏ మూలకు సరిపోతుంది? విమర్శలు వచ్చాక కొన్ని నెలలకు కూలి పెంచారు. ఈలోగా పోయిన ప్రాణాలు పోయాయి.

ఆ కరువు పనులలో ఒకటి మద్రాసును కోస్తా జిల్లాలతో కలిపే ఉప్పునీటి కాలువ. అప్పటి గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ పేరే దానికి పెట్టారు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆ కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నారు. తెలుగు బోధకులను పనిమీద మేస్త్రీలుగా పెట్టారు. వచ్చినవారికి పని ఇచ్చారు, పనికి కూలి ఇచ్చారు. ఆ కూలీలలో చాలామంది మాదిగ కులస్థులు. నలుగురిలో నిలబడి తన చేతి కష్టానికి తగ్గ కూలి అందుకోవడం వారికి చిన్న సంగతి కాదు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని, కరువు సహాయం సాగినంతకాలం, దాదాపు పదిహేను నెలలు, క్లౌ బాప్తిస్మాలు ఆపివేశారు. సహాయపు డబ్బు అయిపోయాక కూడా జనం వస్తూనే ఉన్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతుల మీద నదిలో నిలబడి ఆ పని నడిపారు.

అదే ఏడు లైమన్ జూవెట్ అనే మిషనరీ మద్రాసు చేరి అక్కడి తెలుగువారి మధ్య పని మొదలుపెట్టారు. 1854 జనవరి 1న ఒంగోలు కొండమీద తెల్లవారుజామున ప్రార్థన చేసిన ఐదుగురిలో ఆయన ఒకరు. వ్యాసర్పాడి పొరుగున, పెరంబూరు ప్రాంతంలో, బిన్నీ కంపెనీ వారి బకింగ్‌హామ్ మిల్లు వెలసింది కూడా ఆ దశాబ్దంలోనే. కాలువకూ మిల్లుకూ ఒకే దొర పేరు. పల్లెలలో బతుకు జరగనివారు పట్నం చేరి ఆ మిల్లులలోనూ, పట్నం వీధులు ఊడ్చే పనులలోనూ కుదురుకున్నారు. 1990లలో మిల్లు మూతపడింది. 2015 డిసెంబరు వరదల్లో వ్యాసర్పాడి మునిగింది.

ఇదంతా చదివాక ఆ కీర్తనను మరోసారి చూశాను. అదీ చరిత్ర పాఠమేనని అప్పుడు తోచింది. సూర్యచంద్రుల సృష్టితో మొదలై, ఐగుప్తు దాస్యం, సముద్రం, అరణ్యం వరుసగా వస్తాయి. చివరికి వచ్చేసరికి దీనదశలో జ్ఞాపకం చేసుకున్న సంగతి, సమస్త జీవులకూ ఆహారమిచ్చే సంగతి. కష్టాన్ని దాచిపెట్టిన కీర్తన కాదది.

మరునాడు అవ్వ కనబడితే నా సందేహం అడిగేశాను.

“అవ్వా, మిల్లు మూసినందుకు కూడా స్తోత్రమేనా?”

అవ్వ నవ్వింది. “అయ్యవారూ, మూసినందుకు ఎవరైనా స్తోత్రం చెబుతారా? మా ఆయన ఆ నెలంతా అన్నం సరిగా తినలేదు. మూసిన నాడు కూడా దేవుడు మమ్మల్ని మరచిపోలేదు. అందుకూ స్తోత్రం” అన్నది.

కరువు ఎందుకొచ్చింది, ఒక పౌను ధాన్యం చాలునన్నది ఎవరు అని అడగడం చరిత్రకారుని పని. ఆ ప్రశ్నలు అడగవలసినవే. అవ్వ కృతజ్ఞత వాటికి అడ్డు రాదు. చచ్చినవారి లెక్క పుస్తకాలలో ఉంటుంది. బతికినవారు ఏ నమ్మకంతో మరునాడు తట్ట ఎత్తుకున్నారో అవ్వ కీర్తనలో ఉంది. రెండూ కలిస్తేనే ఆ కాలువ చరిత్ర పూర్తవుతుంది.

తడలోనో, సూళ్ళూరుపేటలోనో, గుమ్మిడిపూండిలోనో ఈ ప్రసంగం వింటున్న మీ ఇంట్లోనూ ఇటువంటి అవ్వ ఉండవచ్చు. ఆమె ఎవరికి, దేనికి కృతజ్ఞత చెబుతుందో ఒకసారి దగ్గర కూర్చుని అడగండి. చెప్పింది చెప్పినట్టు ఒక నోటుబుక్కులో రాసి ఉంచండి. మా అవ్వ చెప్పినవి నా విద్యార్థి రాసుకున్నాడు. తన వంతుగా చివర ఒక వాక్యం చేర్చాడు: పదో తరగతి పాసయ్యాను. ఆ సాయంత్రం ఇంటిల్లిపాదీ మళ్ళీ పల్లవి అందుకున్నారు.