బంగారు నానో కణాలు: వాయుదశ తయారీ

ద్రవ రసాయనాల ప్రమేయం లేకుండా లోహపు ఆవిరి నుంచే నానో కణాలను రాబట్టే విధానం ఇది. కోలారులో బంగారం తీసిన తీరుతో పోల్చి చూస్తే దీని విశిష్టత తెలుస్తుంది. 2001 ఫిబ్రవరి 28న మూతపడేదాకా కోలారు బంగారు గనుల్లో (కె.జి.ఎఫ్.) రాయిని పిండిచేసి, సయనైడ్ ద్రావణంలో బంగారాన్ని కరిగించి తీసేవారు. మిగిలిన పిండే ఊరి చుట్టూ సయనైడ్ దిబ్బలై నిలిచింది.

దీనికి భిన్నంగా, వాయుదశలో వడపోత లేదు, కడగడం లేదు. మేలిమి బంగారాన్ని కొలిమిలో ఆవిరిచేసి నైట్రోజన్ లేదా ఆర్గాన్ ప్రవాహంలో చల్లారిస్తే, ఆ ఆవిరి మంచులా కణాలు కడుతుంది. లోహమూ వాయువూ ఎంత శుద్ధమైతే కణమూ అంతే శుద్ధం.

అసలు కష్టం పరిమాణం దగ్గరే. కణాలు ఢీకొని గుత్తులవుతాయి. అందుకే వాటికి విద్యుదావేశమిచ్చి విద్యుత్ క్షేత్రంలో నడిపిస్తారు. ఒకే ఆవేశమున్నవాటిలో చిన్నవి చురుగ్గా, పెద్దవి మెల్లగా కదులుతాయి. కోరిన కొలతవే సన్నని చీలిక గుండా బయటికొస్తాయి. మరో కొలిమిలో వేడి తగిలితే గుత్తులు ఒదిగి గుండ్రబడతాయి. బంగారం 1064 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. కొద్ది నానోమీటర్ల కణం మాత్రం అంతకన్నా ఎంతో తక్కువ వేడికే కరుగుతుందని శాస్త్రవేత్తలు బఫా, బోరెల్ 1976లో చూపారు.