కన్నతండ్రి కల నెరవేర్చి.. గల్వాన్‌లో నేలకొరిగి
సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు జీవిత రేఖలు

సూర్యాపేట: భారత సైన్యంలో పదహారవ బిహార్ బెటాలియన్‌కు అధిపతిగా ఉంటూ 2020 జూన్ 15 రాత్రి తూర్పు లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో వీరమరణం పొందిన కల్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు సూర్యాపేట వాస్తవ్యులు. మరణానంతరం ఆయనకు మహావీర చక్ర లభించింది. ఆయన సైనిక జీవితానికి బీజం పడింది తండ్రి మనసులో. బ్యాంకు ఉద్యోగిగా పదవీ విరమణ చేసిన ఆ తండ్రి యౌవనంలో తానే సైన్యంలో చేరదలచారు. ఆ కోరిక తీరలేదు. కుమారుని ద్వారానైనా దానిని నెరవేర్చుకోవాలని సంకల్పించారు. కుమారుడు అమరుడైన మరునాడు ఇంటి ముంగిట విలేకరులతో ఈ విషయాన్ని ఆయనే వెల్లడించారు.

కోరుకొండలో తొలి అడుగు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అప్పట్లో ఉన్న ఏకైక సైనిక పాఠశాల విజయనగరం జిల్లా కోరుకొండలోనిది. 1962లో నెలకొల్పిన ఈ ఆవాస పాఠశాలలో ప్రవేశపరీక్ష ద్వారా ఆరవ తరగతిలో చేరుతారు. ఇంటికి ఒక్కగానొక్క మగబిడ్డ. రాష్ట్రంలో ఈ కొస నుంచి ఆ కొసకు అంత చిన్న వయసులో పంపడం ఏ తల్లికైనా కష్టమే. సంతోష్‌బాబు 1993లో అక్కడ చేరారు. అనంతరం ఖడక్‌వాస్లాలోని జాతీయ రక్షణ అకాడమీ, దేహ్రాదూన్‌లోని భారత సైనిక అకాడమీలలో శిక్షణ పూర్తి చేసి, 2004 డిసెంబరులో బిహార్ రెజిమెంట్‌లో అధికారిగా నియమితులయ్యారు.

సైన్యంలో అధికారి స్వరాష్ట్రానికి చెందిన దళంలోనే పనిచేయాలన్న నియమమేమీ లేదు. ఆ విధంగా తెలుగు యువకుడొకరు బిహార్, ఝార్ఖండ్, ఒడిశా ప్రాంతాల జవాన్లకు నాయకుడయ్యారు. జమ్మూకశ్మీర్‌లోను, ఐక్యరాజ్యసమితి శాంతిదళం తరఫున కాంగోలోను విధులు నిర్వర్తించారు. కల్నల్ హోదా పొంది, తాను తొలుత చేరిన బెటాలియన్‌కే కమాండింగ్ అధికారి కావడం ఆయన వృత్తి జీవితంలో ముఖ్య ఘట్టం. బెటాలియన్ అంటే సుమారు 800 మంది జవాన్లు. వారి బాగోగులన్నీ కమాండింగ్ అధికారివే.

రానున్నానని చెప్పి..

భార్య, తొమ్మిదేళ్ల కుమార్తె, నాలుగేళ్ల కుమారుడు అప్పట్లో ఢిల్లీలో నివసించేవారు. సరిహద్దు విధుల్లో ఉన్న అధికారికి కుటుంబంతో బంధమంతా ఫోన్‌లోనే. హైదరాబాద్‌కు బదిలీ ఖాయమైందని, కరోనా ఆంక్షల వల్ల ఆలస్యమవుతోందని ఆయన ఇంట్లో చెప్పారు. తల్లిదండ్రులకు చేరువగా ఉండే అవకాశం వస్తున్నదని అందరూ ఎదురుచూస్తున్న రోజులవి. జూన్ 14న ఫోన్‌లో మాట్లాడినపుడు సరిహద్దు పరిస్థితి గురించి ఇంట్లోవారు అడిగారు. ఆ సంగతులు తనను అడగరాదని, తిరిగివచ్చాక మాట్లాడుకుందామని మాత్రం బదులిచ్చారు. అదే చివరి మాట అయింది.

ఆ రాత్రి జరిగినది

2020 జూన్ 6న ఇరు దేశాల సైనికాధికారుల చర్చల్లో బలగాలను వెనక్కు తీసుకోవాలని అంగీకారం కుదిరింది. అది అమలవుతున్నదో లేదో చూడవలసిన బాధ్యత క్షేత్రస్థాయిలో ఉన్న బెటాలియన్‌ది. గస్తీ కేంద్రం 14 వద్ద చైనా సైనికుల గుడారం విషయమై జూన్ 15 సాయంత్రం తలెత్తిన వివాదం ఘర్షణగా మారింది. వాస్తవాధీన రేఖకు 2 కిలోమీటర్ల లోపు కాల్పులు జరపరాదన్న 1996 నాటి ఒప్పందం ఉన్నందున తుపాకులు పేలలేదు. రాళ్లు, ఇనుప కడ్డీలు, మేకులు దిగ్గొట్టిన కర్రలతో సాగిన పోరు అది. తాను గాయపడి కూడా సంతోష్‌బాబు వెనుదిరగక, తుదిశ్వాస వరకు ముందుండి జవాన్లను నడిపించారని పురస్కార ప్రశంసాపత్రం పేర్కొన్నది. ఒక అధికారి, ఇద్దరు జవాన్లు మరణించారని సైన్యం తొలుత ప్రకటించింది. తీవ్రంగా గాయపడిన మరో 17 మంది గడ్డకట్టే చలిలో ప్రాణాలు విడిచినట్లు జూన్ 16 రాత్రి తెలిపింది. మొత్తం 20 మంది. 1975 తర్వాత ఆ సరిహద్దులో ఘర్షణల్లో భారత సైనికులు మరణించడం అదే ప్రథమం. తమ సైనికులు నలుగురు మరణించినట్లు చైనా 2021 ఫిబ్రవరిలో గాని అంగీకరించలేదు.

కేసారంలో అంత్యక్రియలు

విషాదవార్త ముందుగా ఢిల్లీలోని భార్యకు, మరునాడు మధ్యాహ్నం సూర్యాపేటలోని తల్లిదండ్రులకు చేరింది. ఉన్న ఒక్క కొడుకూ పోయాడన్న దుఃఖం ఒకవైపు, దేశం కోసం ప్రాణమిచ్చాడన్న గర్వం మరొకవైపు ఉన్నాయని ఆ తల్లి చెప్పిన మాట టీవీల్లో చూసినవారెవరూ మరువలేరు. జూన్ 17న పార్థివదేహం హకీంపేట వైమానిక స్థావరానికి, అక్కడి నుంచి రాత్రికి సూర్యాపేటకు చేరుకుంది. 18న పట్టణ సమీపంలోని కేసారంలో, కుటుంబానికి చెందిన వ్యవసాయ క్షేత్రంలో సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. కరోనా ఆంక్షలున్నా జనం దారి పొడవునా నిలిచి పూలు చల్లారు. కొడుకు చేతుల మీదుగా సాగనంపబడవలసిన తండ్రే కొడుకు చితికి నిప్పంటించారు.

అదే నెల 22న నాటి ముఖ్యమంత్రి కె.చంద్రశేఖరరావు ఇంటికి వచ్చి పరామర్శించారు. రాష్ట్ర ప్రభుత్వం భార్యకు రూ.4 కోట్లు, తల్లిదండ్రులకు రూ.కోటి, హైదరాబాద్‌లో ఇంటి స్థలం, భార్యకు డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చింది. గల్వాన్‌లో అమరులైన మిగతా 19 మంది కుటుంబాలకు రూ.10 లక్షల చొప్పున సాయం ప్రకటించింది. వారంతా ఇతర రాష్ట్రాలవారే కావడం గమనార్హం.

2021 గణతంత్ర దినోత్సవం సందర్భంగా మహావీర చక్రను ప్రకటించారు. యుద్ధకాల శౌర్య పురస్కారాల్లో పరమవీర చక్ర తర్వాతి స్థానం దీనిదే. తన కుమారుని త్యాగానికి పరమవీర చక్ర దక్కుతుందని ఆశించానని, పూర్తి సంతృప్తి లేదని తండ్రి దాపరికం లేకుండా చెప్పారు. సైన్యంలో చేర్చాలని పట్టుబట్టిన తండ్రికి ఆ మాట అనే హక్కు ఉన్నది. అదే ఏడాది జూన్ 15న, ప్రథమ వర్ధంతి నాడు, సూర్యాపేటలో సంతోష్‌బాబు విగ్రహాన్ని ఆవిష్కరించారు. నవంబరు 23న రాష్ట్రపతి భవన్‌లో నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా పతకాన్ని అందుకునేందుకు ఆయన తల్లి, భార్య కలిసి వెళ్లారు.