యాకుత్‌పురా గల్లీ నుంచి నెక్లెస్ రోడ్డు దాకా

హైదరాబాద్ పాతబస్తీకి ఒకప్పుడు చుట్టూ రాతిగోడ, ఆ గోడకు పదమూడు దర్వాజాలు ఉండేవి. యాకుత్‌పురా దర్వాజా వాటిలో ఒకటి. నేడు నిలిచి ఉన్నవి పురానాపూల్, దబీర్‌పురా దర్వాజాలే. యాకుత్‌పురాలో దర్వాజా పోయినా గల్లీలు పోలేదు. కాలినడకకు, పల్లకీకి, జట్కాకు సరిపోయేలా కుదురుకున్న సందులవి. అక్కడ కారు నడిపేవాడికి ఇంజను బలంతో పని తక్కువ. మలుపు తిరగ్గానే ఎదురుగా ఆటో వస్తుంది, బంతి వెనకాల పిల్లవాడు పరిగెత్తుకొస్తాడు. కాలు పెట్టీ పెట్టగానే బ్రేకు పట్టాలి.

నగరానికి కార్లు వచ్చిన తొలి రోజుల్లో అలాంటి బ్రేకులు లేవు. చౌమహల్లా ప్యాలెస్‌లోని పసుపురంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ అందుకు సాక్ష్యం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దాన్ని తెప్పించుకోవాలనుకున్నాడు. 1911లో ఆయన కన్నుమూయడంతో ఆ బండి ఆయన కొడుకు, ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌కు దక్కింది. వెనక సింహాసనం లాంటి పీట అమర్చిన ఆ కారు ఊరేగింపులకే బయటికొచ్చేది. మొత్తమ్మీద నాలుగు వందల మైళ్లు కూడా తిరగలేదు. దాని ముందు చక్రాలకు అసలు బ్రేకులే లేవు. కాలితో తొక్కినా, చేత్తో లాగినా ఆగేవి వెనక చక్రాలే. నడకతో సమానంగా సాగే సవారీకి అది చాలింది.

బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందుకు ఒరుగుతుంది. కాబట్టి ఆపే పనిలో పెద్ద వాటా ముందు చక్రాలదే. ఈ సంగతి తెలిసినా, ముందు చక్రాలు బిగుసుకుంటే స్టీరింగు చేతికి లొంగదేమోనన్న భయంతో తయారీదారులు చాలాకాలం వెనకాడారు. రోల్స్ రాయిస్ నాలుగు చక్రాలకూ బ్రేకులు ఇవ్వడం 1920ల్లో మొదలైంది. ఈలోగా రాపిడి పదార్థం మీద వేరే పని జరిగింది. ఇంగ్లండులోని డెర్బీషైర్‌లో గుర్రపు బళ్లను పల్లంలో నిలపడానికి పాత బూట్లను చక్రాలకు అడ్డుపెట్టడం హెర్బర్ట్ ఫ్రూడ్ కంటపడింది. ఆ ఆలోచన నుంచే 1897లో ఫెరోడో వ్యాపారం పుట్టింది. తర్వాత అతను లైనింగుల్లో ఆస్బెస్టాస్ వాడాడు. అది వేడికి కాలదు.

కాలదు గానీ ప్రాణం తీస్తుంది. దాని ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ రావచ్చు. బ్రేకు డ్రమ్ము విప్పి లోపలి పొడిని నోటితో ఊదేయడం మెకానిక్ షెడ్లలో దశాబ్దాలపాటు మామూలు సంగతి. బ్రేకు చరిత్ర రాసేవాళ్లు పేటెంట్లను లెక్కపెడతారు. ఆ పొడి పీల్చిన చేతిపనివాళ్లను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

1932లో నిజాం రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో మొదలయ్యాక నగరం రోడ్ల మీద బరువైన బళ్లు పెరిగాయి. స్వాతంత్ర్యం తర్వాత చాలాకాలం అంబాసిడర్, ప్రీమియర్ పద్మినిలదే రాజ్యం. రెండిటికీ నాలుగు వైపులా డ్రమ్ము బ్రేకులే. లైనింగు అరిగితే షూలకు కొత్తది రివెట్ కొట్టించడం, డ్రమ్ము గాడి పడితే లేతు మీద తిప్పించడం, వీల్ సిలిండర్ కారితే రబ్బర్లు మార్చడం. ఊళ్లో తిరగడానికి ఆ మరమ్మతు చాలు. పొడవైన ఘాట్ రోడ్డు దిగేటప్పుడే చిక్కు. వేడి డ్రమ్ము లోపలే చిక్కుకుంటుంది, లైనింగు పట్టు సడలుతుంది, పెడల్ ఎంత తొక్కినా బండి సాగిపోతూనే ఉంటుంది.

ఇందులో లెక్క కఠినమైనది. టన్ను బరువున్న కారు 50 కిలోమీటర్ల వేగంలో ఉంటే, ఆపడానికి దాదాపు 96 కిలోజౌళ్ల శక్తిని వేడిగా మార్చాలి. 100 కిలోమీటర్లయితే 386. వేగం రెట్టింపైతే వేడి నాలుగింతలు! రేసింగుకు డిస్కు బ్రేకు అవసరమైంది ఇందుకే. గాలికి తెరిచి ఉన్న పళ్లెం వేడిని త్వరగా వదిలేస్తుంది. 1953 లే మాన్స్ రేసులో డన్‌లప్ డిస్కులతో జాగ్వార్ సి-టైప్ గెలిచాక డ్రమ్మా, డిస్కా అన్న వాదన ముగిసింది. రెండేళ్లకే సిట్రోయెన్ డీఎస్ డిస్కులతో మామూలు రోడ్డు మీదికి వచ్చింది.

ట్రాక్ నుంచి రోడ్డుకు అన్నీ అలా దిగవు. రేసు ప్యాడ్లు బాగా వేడెక్కితే గానీ సరిగా పట్టవు. యాకుత్‌పురా రైల్వే స్టేషన్ దగ్గర ఉదయం తీసిన చల్లటి బండికి అవి వేస్తే మొదటి మలుపులోనే ప్రమాదం. ఒకే బండిని ఊళ్లోనూ ట్రాక్ మీదా నడిపేవారు ముందు చూడాల్సింది బ్రేక్ ఆయిల్‌ని. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, డాట్ 4 అయితే 230 దాకా. గాలిలోని తేమ పీల్చుకున్న కొద్దీ ఆ హద్దు పడిపోతుంది. ఆయిల్ మరిగితే పుట్టే ఆవిరి బుడగలు నొక్కుకుపోతాయి, పెడల్ నేల తాకుతుంది. తాజా ఆయిల్, చల్లగానూ పట్టే మంచి ప్యాడ్లు, నాణ్యమైన టైర్లు సరిచూశాకే పెద్ద డిస్కుల మాట.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున, నెక్లెస్ రోడ్డు మీదుగా ఫార్ములా ఈ విద్యుత్ రేసు కార్లు పరిగెత్తాయి. జాన్-ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఊరి రోడ్డే ట్రాక్ అయిన ఆ రోజు, బ్రేకుల చరిత్రలో అన్నిటికంటే వింత బండి హైదరాబాద్‌లో కనిపించింది. ఆ తరం కార్లకు రూపకల్పనలో వెనక చక్రాలకు హైడ్రాలిక్ బ్రేకులు పెట్టలేదు. అత్యవసరానికి మరో ఏర్పాటు తర్వాత చేర్చారు. మామూలుగా వెనక చక్రాలను నెమ్మదింపజేసేది మోటారే. ముందూ వెనకా మోటార్లు కలిసి 600 కిలోవాట్ల వరకు శక్తిని తిరిగి బ్యాటరీకి పంపగలవు. నిజాం కారు వెనక చక్రాల బ్రేకులతోనే ఆగేది. నూటపదేళ్ల తర్వాత అదే నగరంలో, వెనక చక్రాల రాపిడి బ్రేకు అవసరమే లేదనుకుని తయారుచేసిన కారు రేసు గెలిచింది.